బల్లకు వస్తారు, బంతికి రారు

దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఊరి పేరు, సంఘం పేరు బయటపెట్టవద్దని కోరారు. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

రాసినాయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. మాదిగ కుటుంబం, తాతల నాడే బాప్తిస్మం తీసుకున్నారు. సంఘం చిన్నది, పిల్లా పెద్దా కలిపి డెబ్భై మంది దాకా ఉంటారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధనలో ప్రభు బల్ల, అంటే యేసు ఆఖరి భోజనాన్ని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. అది అయ్యాక చర్చి వెనక టెంటు వేసి ప్రేమ విందు, అంటే అందరూ కలిసి తినే భోజనం. బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు. సంఘం డబ్బు లెక్కలు ఈయన చూస్తారు. వంట దగ్గర నిలబడేది వాళ్ళమ్మ.

రెండేళ్ళ కింద ఒక బీసీ కుటుంబం ఈ సంఘంలో చేరింది. ఇంటాయనకు పెద్ద జబ్బు చేసి నయమయ్యాక భార్యాభర్తలు ప్రార్థనకు రావడం మొదలుపెట్టారు, తర్వాత బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం తప్పరు. బల్ల దగ్గర రొట్టె ముక్క తీసుకుంటారు, చిన్న గ్లాసులో ద్రాక్షరసం తాగుతారు. ఆశీర్వాదం ముగిసీ ముగియకముందే బండి స్టార్ట్ చేస్తారు. ఇంతకాలంలో ఒక్కసారి కూడా బంతిలో కూర్చోలేదు. ఒకసారి షుగర్ అన్నారు, ఒకసారి పొలం కాడ కరెంటు వచ్చే టైం అన్నారు, ఒకసారి బర్రె ఈనిందన్నారు. కిందటి నెల ఉత్తరం రాసినాయన వాళ్ళమ్మ స్టీలు డబ్బాలో కూర పెట్టి ఇవ్వబోతే, "వద్దు పెద్దమ్మా, ఇంట్లో వండినం" అని ఆ ఇల్లాలు చేతులు వెనక్కి పెట్టుకుందట. ఆ రాత్రి వాళ్ళమ్మ అన్న మాటను ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశారు: "హోటల్ల నాకు వేరే గ్లాసు పెట్టిన్రు, తాగి నేనే కడిగి బోర్లిచ్చి వచ్చిన. అది ఊరు. ఇది ప్రభువు ఇల్లు కాదా బిడ్డా?"

సంఘ పెద్దల్లో ముగ్గురికి ఓపిక అయిపోయింది. విందులో కూర్చోనివాళ్ళకు బల్ల ఇవ్వకూడదని తీర్మానం పెడతామంటున్నారు. అయోగ్యంగా ఆ రొట్టె తిని ఆ పాత్రలోది తాగేవాడు శిక్షకే తిని తాగుతాడని బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసింది చూపిస్తున్నారు. పాస్టరుగారు నోరు విప్పడం లేదు. ఆ బీసీ ఆయన చర్చి కాంపౌండ్ గోడకు యాభై వేలు ఇచ్చారు, ఆయన్ని కమిటీలోకి తీసుకోవాలన్న మాట కూడా నడుస్తోంది. వచ్చే నెల మీటింగు. ఉత్తరం రాసినాయన చెయ్యి ఎటు లేస్తే తీర్మానం అటే మొగ్గేలా ఉంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఇల్లాలు ఈయన భార్యతో ఒంటరిగా చెప్పుకుంది: "నాకు కూసోవాలనే ఉంది అక్కా. పిల్లకు కల్వకుర్తి దిక్కు సంబంధం కుదిరింది, మాఘంల పెండ్లి. మీ కాడ తిన్నమని తెలిస్తే పోతది. ఎవరికీ చెప్పకు." పెద్దలకు ఈ సంగతి తెలియదు.

తీర్మానానికి ఒప్పుకోవాలా? ఆమె చెప్పుకున్నది మీటింగులో చెప్పవచ్చా? అమ్మకు ఏమని చెప్పాలి? ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర్లో, దారిన పోతూ అన్నట్టు, ఒక మాట ఉంది: "మా సంఘంలో మాలో మాకు తేడాల్లేవు. డక్కలి కుటుంబం ఒకటి వస్తుంది, వాళ్ళు అందరూ తిన్నాక డబ్బాలో పెట్టించుకుని వెళ్ళిపోతారు, వాళ్ళకదే అలవాటు."

ఇక నా జవాబు.

మీ అమ్మగారి బాధతోనే మొదలుపెడతాను. ఆమెకు దయచేసి "ఓర్చుకో, క్షమించు, ప్రభువు చూసుకుంటాడు" అని చెప్పకండి. తప్పు చేసినవాళ్ళు ఇంకా ఒప్పుకోకముందే దెబ్బ తిన్నవాళ్ళకు క్షమాపణ బోధించడం మన సంఘాల్లో బాగా అలవాటైపోయింది. ఒకరు వండిన కూర వద్దంటే ఆ చేతినే వద్దన్నట్టు. ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరికీ దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ఇల్లాలికి కూడా తెలుసు, అందుకే చేతులు వెనక్కి పెట్టుకుంది. కాబట్టి మీ పెద్దల కోపాన్ని నేను తప్పు పట్టను. వాళ్ళు ఎంచుకున్న దారి మీదే నాకు అనుమానం.

వాళ్ళు చూపిస్తున్న మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలోది. చాలా చర్చిల్లో దాన్ని బల్లకు ముందు చదివి భయపెడతారు. బీడీ తాగినవాళ్ళు, భార్యతో పోట్లాడి వచ్చినవాళ్ళు దూరంగా ఉండాలన్నట్టు. పది వచనాలు వెనక్కి వెళ్ళి చదవండి, పౌలు కోపం ఎందుకో తెలుస్తుంది. క్రీ.శ. 55 ప్రాంతంలో రాసిన పత్రిక అది. అప్పటికి చర్చి కట్టడాలు లేవు. కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో కూడేవాళ్ళు. బల్ల వేరు, విందు వేరు అన్న మాటే లేదు. ఒకటే భోజనం, అందులోనే రొట్టె విరిచేవాళ్ళు, పాత్ర చేతులు మార్చుకునేవాళ్ళు. కొరింథులో ఉన్నవాళ్ళు ముందే కూర్చుని కడుపు నిండా తిని మత్తుగా తాగుతుంటే, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. పని దిగేసరికి ఆలస్యమయ్యే కూలీలు, బానిసలు ఆ మిగిలిపోయినవాళ్ళలో ఉండి ఉంటారని పండితుల ఊహ. తినడానికి మీకు ఇళ్ళు లేవా, లేనివాళ్ళను సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడ్డాడు. ప్రభువు అప్పగింపబడిన రాత్రి ఏం చేశాడో గుర్తుచేసి, అయోగ్యంగా తినవద్దని హెచ్చరించింది ఆ కోపంలోనే.

అంటే మీ పెద్దలు సరైన చోటే వేలు పెట్టారు. పక్కవాణ్ణి చిన్నబుచ్చి రొట్టె తీసుకోవడమే అక్కడి అయోగ్యత. ఆ బీసీ కుటుంబానికి ఆ మాట నేరుగా తగులుతుంది, దాన్ని మెత్తబరచాల్సిన పని మీకు లేదు. కానీ పౌలు ఏం చేయమన్నాడో కూడా చూడండి. ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమన్నాడు. భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. ఎవరికి బల్ల ఇవ్వాలో చేతులెత్తి తేల్చుకోమని మాత్రం ఇక్కడ అనలేదు. "అదే పత్రిక అయిదో అధ్యాయంలో ఒకణ్ణి వెలివేయమన్నాడు కదా, అలాంటివాడితో భోజనం కూడా చేయవద్దన్నాడు కదా" అని మీ పెద్దల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కడి సంగతి తండ్రి భార్యతో కాపురం పెట్టినవాడిది, దాన్ని చూసి సంఘం పొంగిపోతున్నది. భయపడి బండి స్టార్ట్ చేసుకుని పోయే మనిషిని అతని పక్కన నిలబెట్టలేం.

ఆ ఒక్క భోజనం రెండు ముక్కలు ఎప్పుడయిందో తేదీ చెప్పడం కష్టం. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ రోమా చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి పాడతారని, తర్వాత మళ్ళీ కలిసి మామూలు భోజనం చేస్తారని ఉంది. నాలుగో శతాబ్దంలో లవొదికయలో కూడిన చర్చి పెద్దల సభ చర్చిల్లో ప్రేమ విందులు పెట్టవద్దంది. అలా బల్ల లోపల మిగిలింది, భోజనం బయటికి పోయింది. మీ ఊళ్ళో ఈ సంగతి అక్షరాలా కనిపిస్తోంది. బల్ల గోడల మధ్య ఉంది, విందు టెంటు కింద ఉంది, మధ్యలో ఆ కుటుంబం బండి దగ్గరికి నడవడానికి సరిపడా దారి ఉంది. లోపలి రొట్టె బహుశా బేకరీది. వేలి గోరంత ముక్క, ఎవరి చేతిదో తెలియదు. గ్లాసులు ఎవరివి వాళ్ళకే. ఈ విడివిడి గ్లాసులు 1890లలో అమెరికాలో క్షయ భయంతో, క్రిముల భయంతో మొదలయ్యాయి. ఇక్కడికొచ్చాక ఇంకో పనికీ అక్కరకొచ్చాయని నాకనిపిస్తుంది. ఒకే పాత్ర చేతులు మారే పద్ధతి ఉంటే మీ సంఘంలో ఈ సంగతి మొదటి నెలలోనే తేలిపోయేది.

కాబట్టి ఆ కుటుంబం బల్లకు వచ్చి విందుకు రాకపోవడంలో వాళ్ళ తప్పు ఉంది, వాళ్ళకు ఆ వెసులుబాటు ఇచ్చిన మన అలవాటూ ఉంది. దానికి వాళ్ళను ఒక్కళ్ళనే బోనులో నిలబెట్టలేం.

తీర్మానం గెలిస్తే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, ఒకసారి జరిగి ఉంది. 1840లలో మదురై ప్రాంతంలో అమెరికన్ మిషన్‌వాళ్ళు సరిగ్గా ఇదే చేశారు. కులం వదిలారో లేదో తేల్చడానికి ప్రేమ విందు పెట్టి, దళితుల చేతి వంట తినమన్నారు. తిననివాళ్ళకు సంఘంలో చోటు లేదన్నారు. ఏళ్ళ తరబడి పనిచేసిన ఉపదేశులు ఎందరో మిషన్ వదిలి వెళ్ళారు. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కూడా అలాంటి నియమమే పెట్టింది. వాళ్ళ ఉద్దేశం మంచిదే, దాని వెనక దళిత విశ్వాసుల గౌరవం ఉంది. కానీ ఆ రోజు ఆకు ముందు కూర్చున్నవాళ్ళ ఇళ్ళల్లోంచి కులం పోయిందా? తమిళ సంఘాల్లో తర్వాత కూడా వేరువేరు బెంచీలు, వేరువేరు సమాధులు మిగిలాయి. పరీక్ష కోసం తిన్న అన్నం పరీక్ష దాకానే ఉంటుంది. రేపు మీ ఊళ్ళో ఆయన తీర్మానానికి భయపడి ఒక నెల కూర్చున్నాడనుకోండి. రెండు ముద్దలు తిని, ఇంటికెళ్ళి స్నానం చేస్తే, ఆ మాట మీ అమ్మగారి చెవిన పడితే? ఇప్పటి బాధకు రెండింతలవుతుంది. లేదా ఆ కుటుంబం ఇంకో చర్చికి వెళ్ళిపోతుంది. కొండమల్లేపల్లిలోనో దేవరకొండలోనో విందు గొడవ లేని చర్చి దొరక్కపోదు. వాళ్ళు వెళ్ళిపోయారన్న తృప్తి మీ పెద్దలకు కొన్నాళ్ళు ఉంటుంది.

తీర్మానం వద్దని చెయ్యెత్తడానికి కూడా ఖరీదు ఉంది, అదీ చెప్పాలి. "కడుపునిండా డబ్బున్నవాడి పక్షాన నిలబడ్డాడు" అంటారు. మీ అమ్మగారే అనుకోవచ్చు. మీరు వద్దని ఊరుకుంటే నిజంగానే డబ్బున్నవాళ్ళ పక్షాన నిలబడినట్టవుతుంది. తీర్మానం ఓడిపోయి ఏమీ మారకపోతే, ఈ సంఘంలో మాదిగల చేతి వంట తినకపోయినా నడుస్తుందని పెద్దలు సంతకం పెట్టినట్టే. కాబట్టి వద్దని చెప్పే రోజునే ఇంకోటి కూడా అడగండి: సంఘంతో కలిసి తినేదాకా ఆయనకు కమిటీలో స్థానం ఇవ్వకూడదని.

ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. బల్ల ప్రభువుది, అక్కడికి రావడానికి ఎవరి మనసు ఎంత మారిందో కొలిచే తక్కెడ మన దగ్గర లేదు. కమిటీ సంఘానిది. సంఘంతో కలిసి తినలేని మనిషి సంఘం తరఫున నిర్ణయాలు చేయడానికి కూర్చోకూడదు. అంతియొకయలో జరిగింది ఇదే. యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరివాళ్ళు కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు, వేరుగా కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా అదే దారి పట్టారు. పౌలు అందరి ఎదుటే ముఖం మీద అడిగేశాడు. గలతీయుల పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. అంతకుముందే యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో తిని, అందుకు యెరూషలేములో మాటలు పడి, జవాబు చెప్పుకుని వచ్చినవాడు పేతురు. ఏ మనిషినీ అపవిత్రుడు అనకూడదని దర్శనంలో తెలుసుకున్నవాడికి కూడా చుట్టాలు వచ్చేసరికి కాళ్ళు వణికాయి. పౌలు అతన్ని వెలివేయలేదు. అతను స్తంభం లాంటివాడు, అతన్ని చూసి పదిమంది నడుస్తారు కాబట్టే బహిరంగంగా నిలదీశాడు. కొత్తగా వచ్చిన, విశ్వాసంలో బలహీనుల విషయంలో ఇదే పౌలు గొంతు వేరుగా ఉంటుంది, రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయం చూడండి. మీ బీసీ ఆయన ఈరోజుకు కొత్త విశ్వాసి. కమిటీలో కూర్చున్న రోజు నుంచి ఆయన్ని పేతురును అడిగినట్టే అడగాలి.

యాభై వేలు గురించి ఒక్క మాట. గోడ కట్టేశారు, రసీదు ఇచ్చారు, అక్కడితో అయిపోయింది. పాస్టరుగారి మౌనానికి ఆ డబ్బు ఒక్కటే కారణమని నేననుకోను. నల్లగొండలో బాప్టిస్టు మిషన్ 1890లో మొదలైంది. తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు వచ్చాయి. మొదట కదిలి వచ్చింది ఊరవతలి వాడలే. సంఘాలను నిలబెట్టిందీ, ఈనాటికీ చందాలిచ్చి నడుపుతున్నదీ వాళ్ళే. అయినా ఊరిలోంచి ఒక కుటుంబం వస్తే చాలు, సాక్ష్యం చెప్పమని మైకు ఇస్తాం, ముందు కుర్చీ వేస్తాం. మీ తాతగారు వచ్చినప్పుడు ఎవరూ కుర్చీ వేసి ఉండరు. వాళ్ళు పోతారేమో అన్న భయం, వాళ్ళు వచ్చారన్న గొప్ప, ఈ రెండే పాస్టర్ల నోరు కట్టేస్తాయి. ఇది ఆయనకు ఒంటరిగా, మర్యాదగా చెప్పి చూడండి. పదిమందిలో అంటే ఆయన బిగుసుకుపోతారు.

ఇప్పుడు ఆ ఇల్లాలు చెప్పుకున్న మాట. మీటింగులో చెప్పకండి. ఆమె మీతో చెప్పలేదు, మీ భార్యతో చెప్పింది. ఆడపిల్ల సంబంధం మీద ఆధారపడిన మాట అది. కులం, పెళ్ళి కలిసిన చోట ఈ జిల్లాలో ఏం జరగగలదో 2018లో మిర్యాలగూడ ప్రణయ్ హత్యతో చూసింది. ఆ భయాన్ని కొట్టిపారేయవద్దు. చెబితే మీ వాదన గెలవవచ్చు, "పాపం భయంతో చేస్తున్నారు, కావరంతో కాదు" అని పెద్దలు మెత్తబడవచ్చు. కానీ డెబ్భై మంది సంఘంలో మాట సాయంత్రానికి ఊరు దాటుతుంది. మీ భార్య చేయగలిగింది ఒకటుంది. ఆమెను మళ్ళీ కలిసి, "నువ్వు చెప్పింది మా అత్తమ్మకు ఒక్కదానికి చెప్పనా?" అని అడగవచ్చు. ఒప్పుకుంటే మీ అమ్మగారికి నిజం తెలుస్తుంది. ఒప్పుకోకపోతే ఆగాలి.

అయితే పెళ్ళయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయని నమ్మి కూర్చోవద్దు. పెళ్ళయ్యాక పిల్ల పురుడు ఉంటుంది, తర్వాత కొడుకు సంబంధం ఉంటుంది. ఊళ్ళో చుట్టాలకు భయపడటానికి కారణాలు తరగవు. అందుకే ఆయనతో మాట్లాడాల్సింది ఇప్పుడే, అదీ ముగ్గురు పెద్దలు కాదు, మీరు ఒక్కరే. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడమని ప్రభువే చెప్పాడు కదా. ఆయన పొలం దగ్గరికే వెళ్ళండి. భార్య చెప్పింది ఎత్తకండి. మీకు తెలిసిందే చెప్పండి: "మా అమ్మ ఇచ్చిన కూర మీ ఇంట్లో తీసుకోలేదు. ఎందుకో నాకు తెలుసు, మీకూ తెలుసు. మా అమ్మ మనసు విరిగింది." అంతే. వాక్యాలు చూపించకండి. షుగర్ అంటే నవ్వి ఊరుకోండి, కోడికూరకూ షుగర్‌కూ సంబంధం లేదని ఆయనకూ తెలుసు. "ఇవన్నీ మన దిక్కు పద్ధతులు కాదు, దొరల మతంతో వచ్చినయి" అంటే మాత్రం జవాబు మన పక్కనే ఉంది. సాగర్ డ్యాం దాటితే పల్నాడు. పన్నెండో శతాబ్దంలో అక్కడ బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒక్కచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును సేనానిని చేశాడని వీరగాథలు ఇప్పటికీ చెబుతున్నాయి.

ఆయన ఒప్పుకుంటే మొదటి భోజనం టెంటు కింద డెబ్భై మంది చూస్తుండగా జరగాలని పట్టుబట్టకండి. మీ ఇంట్లో జొన్నరొట్టె తినవచ్చు, లేదా ఆయన ఇంట్లో మీకు పెట్టవచ్చు. సమరయ స్త్రీ దగ్గర యేసు మొదట చేసింది నీళ్ళు అడగడం. ఒకరి పాత్రలు ఒకరు ముట్టని చోట ఆయనే దాహం వేసినవాడై అడిగాడు. మీరూ వాళ్ళింట్లో మంచినీళ్ళు అడగవచ్చు. ఏ గ్లాసులో ఇస్తారో చూస్తే మీకు చాలా సంగతులు తెలుస్తాయి. కానీ మీరు వెళ్ళండి, మీ అమ్మగారిని పంపకండి. జీవితమంతా గ్లాసు కడిగి బోర్లించిన మనిషిని మళ్ళీ ఒక గుమ్మం ముందు నిలబెట్టి పరీక్ష చేయించే హక్కు మీకూ నాకూ లేదు. ఆయన ఒప్పుకోకపోయినా మీరు అడిగారు, ఆయన విన్నాడు. ఇకపైన బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ తెలిసి చేసినట్టు అవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం చివరి వాక్యం. డక్కలి కుటుంబం అందరి తర్వాత డబ్బాలో పెట్టించుకుని వెళ్తుంది, వాళ్ళకదే అలవాటు అన్నారు. ఆ బీసీ ఇంటివాళ్ళు మీ గురించి చుట్టాలతో మాట్లాడేటప్పుడు "వాళ్ళకదే అలవాటు" అన్న మాటే వాడతారని మీకెప్పుడైనా తట్టిందా? డక్కలివాళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పి, మాదిగల దగ్గరే పెట్టించుకుని బతికిన ఆశ్రిత కులం. మాదిగవాడలోకి కూడా రానివ్వక అవతలే ఉంచిన రోజులున్నాయి. మీ అమ్మగారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఈ నిచ్చెనను మాదిగలు కట్టలేదు, పైవాళ్ళు కట్టారు. ప్రతి మెట్టు కిందా ఇంకో మెట్టు పెట్టి నిలబెట్టారు కాబట్టే ఇన్నాళ్ళు నిలిచిందని అంబేడ్కర్ చెప్పాడు. అందుకే రెండు తప్పులూ ఒకే బరువు అని నేను అనడం లేదు. మీకు జరిగిన అవమానం దీనితో చెల్లుకు చెల్లు కూడా కాదు. కానీ అందరూ తిన్నాక మిగిలినది తీసుకుని వెళ్ళే కుటుంబం కొరింథు పత్రికలో ఎవరి చోట నిలబడి ఉందో మీరు లెక్కలు చెప్పే మాస్టారు, మీకే తెలుస్తుంది.

వాళ్ళను అడగండి. "ఎందుకు కూర్చోరు" అని అడగకండి, సిగ్గుపడి "మాకిదే బాగుంది సారూ" అంటారు. వచ్చే మొదటి ఆదివారం వాళ్ళు వచ్చేదాకా వడ్డన మొదలుపెట్టకుండా ఆగండి. వాళ్ళ ఇంట్లో వంట బాగా వచ్చినవాళ్ళు ఉంటే పచ్చిపులుసు ఆ చేతికి అప్పగించండి. ఇది తేలిక అనుకోకండి. మీ సంఘంలోనే ఒకరిద్దరు ఆ రోజు "కడుపు బాగాలేదు" అంటారు. తీర్మానం పెడతామన్న ముగ్గురిలో ఒకరు అన్నా నేను ఆశ్చర్యపోను. అంటే మీటింగులో ఆయన దగ్గరి నుంచి మీకు వచ్చే ఒత్తిడి కాస్త తగ్గుతుంది, అది వేరే సంగతి. ఎవరూ అనకుండా అందరూ కూర్చున్నారనుకోండి, అప్పుడు బీసీ ఆయన పొలం దగ్గరికి మీరు వెళ్ళే నడకే వేరుగా ఉంటుంది. వరస మార్చి ఆయన దగ్గరికే ముందు వెళ్తే, "మీ దగ్గర డక్కలోళ్ళు కూసుంటరా?" అని ఆయన అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. ఊళ్ళో ఈ లెక్కలు అందరికీ తెలుసు.

ఒక జాగ్రత్త. బంతి భోజనం మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని, కలిసి తినే కులాల మధ్య కూడా అది చెక్కుచెదరలేదని అంబేడ్కర్ 1936లోనే రాశాడు. అసలు ముడి పెళ్ళి దగ్గర ఉందన్నాడు. మీరు రాసిన కథలో కూడా విందును ఆపుతున్నది పెళ్ళే కదా. ప్రభువు జనం చీదరించుకునే సుంకరులతో (పన్ను వసూలు చేసేవాళ్ళతో) తిన్నాడు, జక్కయ్య ఇంటికి పిలవకుండానే వెళ్ళాడు, పరిసయ్యుడైన సీమోను పిలిస్తే అక్కడా తిన్నాడు, అప్పగించబోయేవాడు కూర్చున్న బల్ల దగ్గర కూడా రొట్టె విరిచాడు. ఆ భోజనాలు చేసినవాళ్ళంతా మారలేదు. జక్కయ్య మారాడు. సీమోను మారినట్టు లూకా ఎక్కడా రాయలేదు.

మీటింగు నాటికి ఇవేవీ తేలకపోవచ్చు. అప్పుడు తీర్మానాన్ని ఓటుకు పెట్టకుండా మాఘం దాటేదాకా వాయిదా వేయమని అడగండి. కారణం చెప్పమంటే "నేను ఆయనతో మాట్లాడుతున్నాను" అంటే చాలు, అది నిజం కూడా. కమిటీ స్థానం కూడా అప్పటిదాకా ఆగాలని అదే నోటితో చెప్పండి. రెండూ కలిపి చెబితే పెద్దలకూ మింగుడు పడుతుంది. వాయిదాకు ఒప్పుకోక ఓటే కావాలంటే, నేనైతే బల్ల ఆపడానికి చెయ్యెత్తను. మీరు ఎత్తాలనుకుంటే అది మీ మనస్సాక్షి, కానీ ఆ ఆదివారం బల్ల దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడేది మీరే అయితే, ఆ ఇల్లాలి ముందు నుంచి దాన్ని దాటించగలరో లేదో ముందే ఆలోచించుకోండి.

మీ అమ్మగారితో ఏం చెప్పాలని అడిగారు. చెప్పడం కంటే ముందు ఆమె ఏం కోరుకుంటోందో అడగండి, ఉత్తరమంతా చదివినా అది నాకు దొరకలేదు. వాళ్ళను ఆపాలని ఆమె అన్నట్టు మీరు ఎక్కడా రాయలేదు, అది పెద్దలు అన్నారు. బహుశా ఆమెకు కావలసింది ఆ ఇల్లాలు వచ్చి ఒక్క మాట అనడం కావచ్చు. కొన్నాళ్ళు వంట దగ్గర నిలబడకుండా ఊరికే కూర్చుని తినాలని కూడా ఉండవచ్చు. అదే అయితే ఇంకొకరిని చూడండి, మీరూ గరిటె పట్టండి. ఇక మాఘంలో పెళ్ళి పిలుపు మీ సంఘానికి వస్తుందో రాదో, వస్తే మిమ్మల్ని ఏ బంతిలో కూర్చోబెడతారో తెలుస్తుంది. వేరే టెంటు వేసి ఉంటే మీరు తినకుండా లేచి రావచ్చు, ఆ పిల్లను ఆశీర్వదించి కట్నం చదివించి మరీ రావచ్చు. అమ్మగారు ఆ పెళ్ళికి వస్తారో రారో ఆమెనే తేల్చుకోనివ్వండి.